మాట మొయ్యని సర్దారు

సూరిబాబు నాకు కంపెనీ బస్సులో పరిచయం. ఇద్దరం రాయపూర్ శివార్లలో మోవాలోనే ఉండేవాళ్లం. పొద్దున్న అయిదున్నరకి రోడ్డు మీద నిలబడితే బస్సు వచ్చి ఎక్కించుకునేది. బిలాస్‌పూర్ రోడ్డు మీద, సిల్‌తరా దగ్గరున్న ఒక స్టీలు కర్మాగారంలో నేను స్టోర్సు గుమాస్తాని. ఆయన ఖలాసీ ముఠాకి సర్దారు. క్రేన్ కొక్కేనికి తాళ్లు తగిలించడం, జాకీలు పెట్టి యంత్రాన్ని లేపడం, దించాల్సిన చోట వెంట్రుకవాసి తేడా రాకుండా దించడం ఖలాసీల పని. మనిషి పొట్టి. చేతులు మాత్రం ఆ ఒంటికి రెండింతలు. మెడలో నల్లతాడుకి ఒక విజిలు వేలాడేది. బస్సులో మాట్లాడేవాడు కాదు. పక్కవాళ్లు మాట్లాడుతుంటే వింటూ కూర్చునేవాడు.

ఆయనది టెక్కలి దగ్గర పల్లె. పద్దెనిమిదో ఏట మేనమామ వెంట రాయపూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. నలభై ఏళ్లు అక్కడే చేశాడు. కొత్త రాష్ట్రం వచ్చి రాయపూర్ రాజధాని అయిన ఏడాదే రిటైరయ్యాడు. "ఇన్నాళ్లూ నా ఉద్యోగం కాళీ అవ్వాలని కాసుకొని కూకున్నట్టున్నారు, నాను దిగీగానే రాజదాని పెట్టీసినారు" అనేవాడు. బయట ప్రైవేటు కర్మాగారాలు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులవి. బరువు కదిపే మనుషులకి గిరాకీ ఉంది. తన వైపు మనుషులు ఎనిమిది మందిని కూడగట్టుకుని కాంట్రాక్టు పనికి మా దగ్గరికి వచ్చాడు.

ఆయనకి ఒక నియమం ఉండేది. ఒకరి మాట ఇంకొకరికి మొయ్యడు. ఎందుకో నాకు చాలాకాలానికి గాని చెప్పలేదు. పని నేర్చుకునే రోజుల్లో, వర్క్‌షాపు పంపితే వెళ్లిన ఇంకో ఊళ్లో ఒక వంతెన పని దగ్గర, ఒక మేస్త్రీ అన్న మాట ఇంకో మేస్త్రీకి చెప్పాడట. చెడు ఉద్దేశంతో కాదు, అడిగితే చెప్పాడు. దానివల్ల తనతో ఒకే గదిలో వండుకు తినే మనిషిని పనిలోంచి తీసేశారు. ఆ మనిషి పెట్టె సర్దుకుని రైలెక్కేదాకా సూరిబాబు పక్కనే నిలబడ్డాడు. అతను ఒక్క మాట కూడా తిట్టలేదట. "తిట్టుంటే నాను మరిసిపోదును బాబూ" అన్నాడు.

నేను చెప్పబోయేది రెండు వేల మూడు మార్చి, ఏప్రిల్ నెలల సంగతి.

కర్మాగారానికి సొంతంగా కరెంటు తయారు చేసుకోవాలని యాజమాన్యం నిర్ణయించింది. ఆవిరితో తిరిగే టర్బైను ఫ్రాన్సు నుంచి వచ్చింది. దానితో తిరిగే జనరేటర్ అమెరికా నుంచి వచ్చింది. ఒక్కో కంపెనీ ఒక్కో ఇంజనీరుని పంపింది. ఫ్రెంచి ఆయన పేరు రెమీ, నలభై ఏళ్లవాడు, ఎండకి మొహం కందగడ్డలా అయ్యేది. అమెరికా ఆయన పేరు డెన్నిస్, యాభై దాటినవాడు, చెవి మీద పెన్సిలు లేకుండా నేనెప్పుడూ చూడలేదు. రెండు యంత్రాల ఇరుసులూ ఒకే గీత మీదకి రావాలి. వచ్చాయని ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ తరువాతే వాటిని కలిపి బోల్టులు బిగిస్తారు.

ఫిబ్రవరి చివర్లో వచ్చినప్పుడు ఇద్దరూ బాగానే ఉన్నారు. గెస్ట్ హౌస్‌లో వంట చేసే పాపయ్య చెప్పేవాడు, రోజూ సాయంత్రం క్యారమ్స్ ఆడుకుంటున్నారని, డెన్నిస్‌కి ఆట రాదని, రెమీ దొంగాట ఆడతాడని. మార్చి సగం గడిచేసరికి పేపర్ల నిండా ఇరాక్ యుద్ధం. అమెరికా దిగుతానంటోంది, ఫ్రాన్సు వద్దంటోంది. ఫ్రాన్సు మీద కోపంతో అమెరికాలో పార్లమెంటువాళ్ల క్యాంటీన్లో బంగాళదుంప వేపుడుకున్న ఫ్రెంచి పేరు తీసేశారన్న వార్త నేనే బస్సులో చదివి వినిపించాను. బస్సంతా నవ్వింది.

యుద్ధం మొదలైన రెండో రోజు రాత్రి భోజనాల దగ్గర రెమీ ఏదో అన్నాడట. పాపయ్యకి ఇంగ్లీషు అంతంత మాత్రం. "మీ యుద్ధం, మీ యుద్ధం అని రెండుసార్లు అన్నాడండీ. అమెరికాయన కంచం తోసేసి, మా చెల్లెలి కొడుకు అక్కడున్నాడు అన్నాడు. అంతే. అప్పట్నించి బల్లకి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఉప్పు కావాలన్నా నన్నే పిలుస్తున్నారు" అన్నాడు.

బస్సులో మావాళ్లు కూడా రెండు జట్లయ్యారు. అమెరికావాళ్లకి పొగరని ఒకరు, ఫ్రాన్సువాళ్లకి పిరికితనమని ఒకరు. ఏ జట్టువాడూ ఆ రెండు దేశాల మనుషుల్ని ఈ ఇద్దర్ని తప్ప చూసినవాడు కాదు. మా సైట్ ఇన్‌ఛార్జి ప్రేమ్‌చంద్ సాహు బలోదా బజార్ వైపు మనిషి, మంచివాడే. ఆయన అందరికీ కలిపి తీర్పు చెప్పాడు. "అరే భాయ్, అమెరికన్‌కి తొందర, ఫ్రెంచివాడికి తిండి, మన మద్రాసీకి మిరపకాయ. భగవాన్ అందర్నీ అలాగే చేశాడు." సూరిబాబు అప్పుడు నోరు విప్పాడు. "నలబై ఏళ్లనించి ఈ ఊల్లోనే ఉన్నాను సాబ్. నన్ను అందరూ మద్రాసీ అంటారు. ఆ ఊరు ఎలాగుంటాదో ఒకపాలి సూడాలనుంది."

నేను కూడా ఆ తీర్పుకి లోబడినవాణ్నే. డెన్నిస్ ఆరింటికల్లా సైటుకి వచ్చి, రీడింగులు తీసుకుని, రెండింటికి వెళ్లిపోయేవాడు. రెమీ మధ్యాహ్నం భోజనం అయ్యాక, మూడింటికి గాని యంత్రం దగ్గరికి వచ్చేవాడు కాదు. ఒకరిది తొందర, ఒకరిది తీరుబడి భోజనం అని నేనూ అనుకున్నాను. అసలు సంగతులు వేరు. రెమీకి పొద్దుటి పూటంతా బాయిలర్ పక్కన ఆవిరి గొట్టాల వెల్డింగు పని ఉండేది. డెన్నిస్ సాయంత్రం ఫోను దగ్గర కూర్చోవాలి. అప్పుడు వాళ్ల దేశంలో తెల్లవారుతుంది. ఆయన చెల్లెలు ఆ వేళకే ఫోను చేసేది. ఇవి నాకు తరువాత తెలిశాయి.

మాటలు లేకపోయేసరికి ఇద్దరూ కలిసి చెయ్యాల్సిన కొలత విడివిడిగా చెయ్యడం మొదలుపెట్టారు. పొద్దున్న డెన్నిస్ గేజి పెట్టి చూస్తే జనరేటర్ కాస్త కిందికి ఉన్నట్టు చూపేది. మిల్లీమీటరుని నూరు ముక్కలు చేస్తే అందులో పన్నెండు ముక్కలంత. సూరిబాబుకి వేలు చూపించి, జనరేటర్ పాదాల కింద ఒక్కో షిమ్ము పెట్టించేవాడు. షిమ్ము అంటే పల్చటి ఉక్కు రేకు. ఇది పోస్టుకార్డులో సగం మందం. ముల్లు సున్నాకి వచ్చేది. పుస్తకంలో రాసుకుని వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నం రెమీ వచ్చి తన గేజి పెడితే జనరేటర్ అంతే పైకి ఉన్నట్టు చూపేది. సూరిబాబు చేత ఆ రేకులే తీయించేవాడు. ముల్లు సున్నాకి వచ్చేది. ఆయనా రాసుకునేవాడు. మర్నాడు పొద్దున్న డెన్నిస్ వస్తే మళ్లీ కిందికి.

సూరిబాబు ఆ రేకుల్ని ఖైనీ డబ్బాలో దాచి చొక్కా జేబులో వేసుకునేవాడు. పొద్దున్న పెట్టడం, మధ్యాహ్నం తీయడం. పది రోజులు దాటినా ఎవరికీ ఏమీ చెప్పలేదు. డెన్నిస్ అడగలేదు, రెమీ అడగలేదు. తాను చేసిన సర్దుబాటుని రెండోవాడు చాటుగా చెడగొడుతున్నాడని ఇద్దరికీ నమ్మకం. ఆ సంగతి ఎదటివాణ్ని నిలదీసి అడగాలంటే ముందు మాట్లాడాలి.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక గురువారం రెండు ఫాక్సులు వచ్చాయి. ఫాక్సు యంత్రం మా స్టోర్సు గదిలోనే ఉండేది కాబట్టి ముందు చదివింది నేనే. ఒకటి పారిస్ నుంచి, ఒకటి అమెరికా నుంచి. కొలత నిలవడం లేదని ఇంజనీర్లిద్దరూ ఎవరి కంపెనీకి వాళ్లు రాసుకున్నట్టున్నారు. ఏ కంపెనీ కూడా రెండో కంపెనీని కాగితం మీద వేలెత్తి చూపదలుచుకోలేదు. కోర్టు గొడవలు వస్తాయని భయం కాబోలు. అందుకని ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట రాశారు. స్థానిక ఖలాసీలు అనుభవం లేని మనుషులని, సుత్తులతో మోటుగా పని చేస్తూ కొలతల్ని చెడగొడుతున్నారని, వాళ్లని మార్చకపోతే యంత్రానికి తాము పూచీ పడలేమని. యుద్ధం మీద కుదరని ఏకాభిప్రాయం ఈ తొమ్మిదిమంది మీద కుదిరింది.

సాహు ఆ కాగితాలు పట్టుకుని సూరిబాబుని పిలిపించాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"సర్దార్, నేనేం చెయ్యను? రెండు కంపెనీలూ రాశాయి. పైవాళ్లు సోమవారం నుంచి భిలాయి ముఠాని తెమ్మన్నారు."

"రెండూ ఒకే మాట రాసినాయా సాబ్?"

"ఒకే మాట."

సూరిబాబు ఆ కాగితాలకేసి వేలు చూపించాడు. "పంపీండి సాబ్. పని పోతే ఇంకో గేటు కాడికి ఎల్తాం. కాని ఈ కాయితం ఉంటే ఏ గేటు కాడా పాసు ఇవ్వరు. నా ఎనకాల ఎనమండుగురున్నారు. మిషను పాడుసేసిన ముఠా అంటారు" అన్నాడు.

అది నిజం. ఆ రోడ్డు మీద కర్మాగారాలన్నీ ఒకదానికొకటి కూతవేటు దూరం. ఒక గేటు దగ్గర పోయిన పేరు మధ్యాహ్నానికి ఇంకో గేటు దగ్గరికి చేరుతుంది.

సాయంత్రం బస్సు దిగి నాతో నడుస్తూ, మొదటిసారి, ఆ రేకుల సంగతి చెప్పాడు. నేను నిలబడిపోయాను.

"పొద్దున్న పెట్టి మధ్యాన్నం తీస్తున్నావా? ఎన్ని రోజుల నుంచి?"

"పదమూడు."

"అలా ఎందుకవుతోందో తెలుసా?"

"తెలవకేటి బాబూ. పడమటేపు గోడకి రేకులింకా ఎయ్యలేదు గదా, మిషను లోనికి తేడానికి దారి ఒగ్గీసినారు. మద్దేనం ఎండొచ్చి జనరేటరు కింద పీట మీద పడతాది. ఇనుము ఎండకి పెరుగుతాది. టర్బైను నీడలో ఉంటాది, అది పెరగదు. మూడో రోజే సెయ్యేసి సూసినాను, కాలిపోతన్నాది."

"మరి చెప్పలేదేం?"

"ఎవుడికి సెప్పాల? ఈయనకి సెప్పాలంటే ఆయన తీయించిన మాట సెప్పాల. ఆయనకి సెప్పాలంటే ఈయన పెట్టించిన మాట సెప్పాల." కాస్త దూరం నడిచాక అన్నాడు, "ఇంకోటి కూడా ఉంది. అంత దూరంనించి ఒచ్చినోళ్లు, సదూకున్న దొరలు. ఎండకి ఇనుము పెరుగుతాదని ఆలికి తెలవకుండా ఉంటాదా? తెలిసే సేయిత్తన్నారు, ఏదో లెక్క ఉంటాది అనుకున్నాను."

అంటే బస్సులో మేమందరం చేసిన పనే ఆయనా చేశాడు. మేము ఆ దేశాలవాళ్లని తొందరనీ తిండనీ తేల్చాం. ఆయన సర్వజ్ఞులని తేల్చాడు.

ఇంటి ముందు ఆయన భార్య బంగారమ్మ నీళ్లు పడుతోంది. సంగతి విని బిందె దించింది. "బాగుంది సంబడం. ఆలిద్దరూ మాటాడుకోరు, ఈయనేమో ఎవులితోటీ మాటాడడు. ఇంక ఆ మిషనే నోరు ఇప్పాల" అంది.

"మిషను సేతే సెప్పిద్దాం" అన్నాడు సూరిబాబు.

మర్నాడు సాహు దగ్గరికి వెళ్లి, ముఠా వెళ్లిపోవడానికి ఒప్పుకుందని, కాని చార్జి ఇచ్చి వెళతామని అన్నాడు. అది ఆయన వర్క్‌షాపులో నేర్చుకున్న పద్ధతి. ఒక ముఠా చేతిలోంచి ఇంకో ముఠా చేతిలోకి యంత్రం మారేటప్పుడు, సంబంధించిన వాళ్లందరూ నిలబడి కొలత చూసుకోవాలి. తరువాత తప్పు వస్తే ఎవరి చేతిలో వచ్చిందో తెలుస్తుంది. ఏ ఇంజనీరైనా కాదనడానికి వీల్లేని మాట. నన్ను దుబాసీగా వెంటబెట్టుకుని ఇద్దరి దగ్గరికీ విడివిడిగా వెళ్లాడు. ఇద్దరికీ ఒకే మాట చెప్పించాడు. శనివారం పొద్దున్న ఆరింటికి రండి, మీ గేజి మీరే పెట్టుకోండి, సాయంత్రం నాలుగింటికి మళ్లీ చూసుకుని సంతకం చెయ్యండి, మధ్యలో ఎవరూ యంత్రాన్ని ముట్టుకోకూడదు.

డెన్నిస్ అడిగాడు, "అతను కూడా వస్తున్నాడా?" రెమీ కూడా అదే అడిగాడు. వస్తున్నాడని నేను చెప్పగానే ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎదటివాణ్ని యంత్రం దగ్గర ఒంటరిగా వదలడం ఇద్దరికీ ఇష్టం లేదు.

శనివారం ఇంకా చల్లగా ఉండగానే సైటుకి చేరాం. రెమీ, డెన్నిస్ పక్కపక్కన రెండు గేజీలు బిగించారు. ముందు రోజు రెమీ రేకులు తీయించాడు కాబట్టి రెండు గేజీలూ జనరేటర్ పన్నెండు కిందికి ఉన్నట్టే చూపాయి. రెమీ తన గేజిని రెండుసార్లు ఊడదీసి బిగించాడు. మారలేదు. సూరిబాబు ఆ పన్నెండుని ఉన్నదున్నట్టు పుస్తకంలో రాయించి, ముళ్లని సున్నాకి తిప్పమన్నాడు. తరువాత యంత్రం చుట్టూ సుద్దముక్కతో గీత గీశాడు. తన ఎనిమిది మందినీ గీతకి బయట, అందరికీ కనిపించేలా, వరసగా కూర్చోబెట్టాడు. సుత్తులు, జాకీలు అన్నీ తెచ్చి సాహు కాళ్ల దగ్గర పెట్టించాడు. విజిలు కూడా తీసి వాటి మీద పెట్టాడు.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు సాహు.

"కూకోవాల సాబ్."

ఇంజనీర్లకి రెండు చెక్కపెట్టెలు వేశారు. ఇద్దరూ యంత్రానికి చెరో వైపు కూర్చున్నారు. ఎనిమిదయింది, పదయింది. ముళ్లు సున్నా మీదే ఉన్నాయి. రెమీ బాయిలర్ పనివాళ్లు వచ్చి పిలిస్తే వెళ్లలేదు. డెన్నిస్ నీళ్లకి కూడా లేవలేదు. సూరిబాబు ముఠాలో ఒకడు కునికిపాట్లు పడితే పక్కవాడు మోచేత్తో పొడిచాడు. "లేరా, నిద్దరలో మిషను తోసీసినావంటారు."

పన్నెండున్నరకి గెస్ట్ హౌస్ నుంచి భోజనం వచ్చింది. పాపయ్య ఒకే క్యారియరు పంపాడు. ఇద్దరూ సైటులోనే ఉన్నారని విన్నాడు గాని విడివిడిగా కట్టాలని తోచలేదట. తోచలేదో, తోచే చేశాడో నేను అడగలేదు. దాన్ని ఎవరి దగ్గర పెట్టాలో తెలియక తెచ్చినవాడు నిలబడిపోయాడు. సూరిబాబు లేచి మూడో పెట్టె ఒకటి రెండింటికీ మధ్యకి లాగి, దాని మీద పెట్టించాడు. కాసేపటికి డెన్నిస్ తన పెట్టె జరుపుకుని వచ్చాడు. తరువాత రెమీ వచ్చాడు.

గిన్నెలు విప్పితే అన్నం, పప్పు, పెరుగు, పైగిన్నెలో బంగాళదుంపల వేపుడు. రెమీ దాన్ని చూపించి, ఎవరినీ చూడకుండా అడిగాడు, "దీన్ని ఇప్పుడు ఏమని పిలవాలి?"

డెన్నిస్ ఆ గిన్నెలోకి చూశాడు. "పొటాటో" అన్నాడు.

ఇద్దరూ నవ్వలేదు. తిన్నారు. సగం తిన్నాక రెమీ మళ్లీ అన్నాడు, "మీ చెల్లెలి కొడుకు సంగతి?"

"సైన్యంలో సామాన్ల లారీ నడుపుతాడు. నాలుగు రోజులైంది కబురు లేక."

రెమీ పెరుగు గిన్నె ఆయన వైపు జరిపాడు.

ఒంటిగంటన్నరకి పడమటి వైపు నుంచి ఎండ లోపలికి రావడం మొదలైంది. ముందు నేల మీద, తరువాత జనరేటర్ కింది పీఠం మీద. రెండింటికి గేజి ముళ్లు రెండు గీతలు కదిలాయి. సాహు వంగి చూసి, సుద్దగీత చూసి, వరసగా కూర్చున్న ఖలాసీలని చూశాడు. రెండున్నరకి అయిదు. మూడింటికి ఎనిమిది. రెండు గేజీలూ ఒకేలా నడుస్తున్నాయి. గడియారంలో నిమిషాల ముల్లు కదలడం కంటికి ఎలా కనిపించదో ఇదీ అంతే. కాని కాసేపు తల తిప్పి మళ్లీ చూస్తే ఒక గీత ముందుకి జరిగి ఉండేది. రెమీ లేచి పీఠం దగ్గరికి వెళ్లాడు. ముట్టుకోకూడదన్న సంగతి గుర్తొచ్చి చెయ్యి గాలిలోనే ఆపాడు. అక్కడికే వేడి తగిలిందేమో, తిరిగి సూర్యుడి వైపు చూశాడు. డెన్నిస్ కూడా చూశాడు. తరువాత ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

నాలుగింటికి పన్నెండు.

డెన్నిస్ నన్ను పిలిచి సూరిబాబుని అడగమన్నాడు, "అతనికి ముందే తెలుసా?"

సూరిబాబు ఖైనీ డబ్బా తీసి మూత విప్పి, రేకుల్ని ఆయన అరచేతిలో పెట్టాడు. పద్నాలుగు రోజులు పెట్టి తీయడంతో అంచులు అద్దంలా మెరుస్తున్నాయి. "పొద్దున్న ఈయన పెట్టమన్నారు, పెట్టినాను. మద్దేనం ఆయన తీయమన్నారు, తీసినాను. మూడో రోజునించే తెలుసు" అన్నాడు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను.

రెమీకి కోపం వచ్చింది. న్యాయమైన కోపమే. రెండు వారాలు వృథా అయ్యాయి, ఒక్క మాట చెబితే పోయేది కదా అన్నాడు. సూరిబాబు అది విని తల ఊపాడు. "తప్పే. నా తప్పు ఎంత ఉందో అంత రాయమనండి. మిషను పాడుసేసినామని మాత్రం రాయొద్దనండి. అది మేం సెయ్యలేదు" అన్నాడు.

డెన్నిస్ తన పుస్తకం తెరిచాడు. చెవి మీది పెన్సిలు తీశాడు.

ఆ సాయంత్రమే పడమటి వైపు టార్పాలిన్లు కట్టారు. అవి చాలకపోతే సాహు పండరీ బట్టల బజారుకి మనిషిని పంపి మందపాటి గుడ్డ తానులు తెప్పించాడు. మర్నాడు పొద్దున్నే ఆ రేకులు మళ్లీ పెట్టించి, అప్పుడొకసారి, మధ్యాహ్నం ఒకసారి ఇద్దరూ కలిసి కొలత తీశారు. రెండు పూటలా ఒకటే వచ్చింది. ఆ రేకులు పాదాల కిందే ఉండిపోయాయి. భిలాయి ముఠా రానక్కర లేకపోయింది.

సూరిబాబు ఒక్కటి అడిగాడు. ముందు రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నామని ఇద్దరూ ఒకే కాగితం మీద రాసి ఇవ్వాలి. రెండు కాగితాలు వద్దు. సాహు నవ్వి, "ఒకే కాగితం మీద వాళ్ల ప్రభుత్వాలే సంతకం పెట్టలేదు సర్దార్" అన్నాడు. కాని వాళ్లు పెట్టారు. టైపు చేసింది నేనే. వాక్యం ఎలా ఉండాలన్న దాని మీద ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. మాట్లాడుకోవడం మానేసిన రెండు వారాల పైచిలుకు బాకీ ఆ అరగంటలో తీర్చినట్టనిపించింది.

యంత్రం మే నెలలో తిరిగింది. అప్పటికి ఇద్దరూ వెళ్లిపోయారు. స్నేహితులై వెళ్లారని చెప్పలేను. క్యారమ్స్ మళ్లీ ఆడలేదని పాపయ్య అన్నాడు. ఉప్పు మాత్రం అందించుకునేవాళ్లట.

సాహు ఆ తరువాత యంత్రం పక్కన ఒక పలక వేలాడదీయించాడు. ఏ రేకు పెట్టినా, ఏ రేకు తీసినా సుద్దతో గీత గియ్యాలి, ఎవరు చెప్పారో గుర్తు పెట్టాలి. సూరిబాబుకి మొదట అది నచ్చలేదు. వారం తిరిగేసరికి అలవాటు పడ్డాడు. "ఇది మాట మొయ్యడం కాదు బాబూ. పలక ఎవులికీ సెప్పదు. సూసినోడికి కనపడతాది" అన్నాడు. తరువాత ఇంకో మూడు కర్మాగారాల్లో పని చేశాడు. ఎక్కడికి వెళ్లినా పనిముట్ల పెట్టెలో పలక ఉండేది.

రెండు వేల పదహారు చలికాలంలో పోయాడు. మూడు రోజుల జ్వరం, అంతే. పదకొండో రోజు అయ్యాక నేను వెళితే బంగారమ్మ ట్రంకు పెట్టె తెరిచి ఒక ప్లాస్టిక్ సంచి తీసింది. అందులో ఆ కాగితం ఉంది. మడతల దగ్గర చిరిగితే అతికించుకున్నాడు.

"ఏ గేటుకెల్లినా ఇదే సూపించేవోడు. ఏటి రాసుందని అడిగితే ఒకరి మాట నీకెందుకే అనేవోడు. ఇప్పుడు సెప్పండి బాబూ."

చదివి తెలుగులో చెప్పాను. రీడింగుల్లో తేడా ఎండ వల్ల వచ్చిందని, ఖలాసీల వల్ల కాదని, ముందు పంపిన ఫిర్యాదులని ఉపసంహరించుకుంటున్నామని. కింద రెండు సంతకాలు.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

ఆవిడ కాగితం తీసుకుని, చీర కొంగుతో ఒకసారి తుడిచి, మళ్లీ సంచిలో పెట్టింది. "ఆ అమెరికా ఆయన మేనల్లుడు బాగున్నాడంట. ఎల్లిపోయిన రోజున ఫోటో సూపించినాడంట, లారీ పక్కన నిలబడి నవ్వుతన్నాడంట. నాకు ఆ ఒక్క మాటే సెప్పినాడు" అంది.

ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.